మామ్మగారి రిమోట్, ఎనిమిది కాళ్ల చిప్

(పర్లాకిమిడిలో ఎలక్ట్రానిక్స్ రిపేరు నేర్చుకుంటున్న కుర్రాళ్ల ముందు ఒక మెకానిక్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, నేను చూపించబోయేది చిన్న వస్తువు, అక్కణ్నించి కనపడదు. పాతపట్నం నుంచి కొందరు వచ్చారు, కాశీనగర్ నుంచి ఇద్దరు ఒడియా తమ్ముళ్లు కూడా వచ్చారు. వాళ్లకి తెలుగు బాగానే వచ్చు కాబట్టి తెలుగులోనే చెప్తాను, ఎక్కడైనా అర్థం కాకపోతే మధ్యలో ఆపండి, నేనేం అనుకోను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. మనిషి నోట్లో ఉన్న తెలుగే పుస్తకంలో కూడా ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. అందుకని నేను కూడా దుకాణంలో మాట్లాడే భాషలోనే మాట్లాడతాను. ఐసీని ఐసీ అనే అంటాను, కండెన్సర్‌ని కండెన్సర్ అనే అంటాను.

ఇదిగో, ఈ రిమోట్ చూడండి. దీని మీద మూడు బటన్లకి ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టి ఉన్నాయి. చుక్క ఎండి గట్టిపడ్డాక వేలికి తగులుతుంది. ఈ రిమోట్ మా వీధి చివర ఉండే ఒక మామ్మగారిది, రెండు రోజులకని అడిగి తెచ్చుకున్నాను. ఆవిడకి గ్లాకోమా, ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి వెలుతురు తెలుస్తుంది అంతే. కొడుకు సూరత్‌లో పని చేస్తాడు. ఆ అబ్బాయి ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఈ యూనివర్సల్ రిమోట్ కొని, టీవీ, సెట్‌టాప్ బాక్స్, సీలింగ్ ఫ్యాన్ మూడింటి బటన్లూ దీనికే నేర్పించి, చుక్కలు పెట్టి వాళ్లమ్మ చేతికిచ్చి వెళ్లాడు. ఆ తర్వాత ఫ్యాన్‌తో వచ్చిన అసలు రిమోట్ నూతిలో పడిపోయింది. ఫ్యాన్ మోడల్ పాతది, దాని రిమోట్ ఇప్పుడు దొరకడం లేదు. అంటే, కొంచెం ఆలోచించండి, ఆ ఫ్యాన్‌కి ఏం చెప్తే తిరుగుతుందో, ఏం చెప్తే ఆగుతుందో ఆ సంగతి ప్రపంచంలో మనకి దొరికే చోటు ఒక్కటే మిగిలింది. ఈ రిమోట్ లోపల ఉన్న వడ్లగింజంత చిప్.

ఇది పాడైనప్పుడు ఆవిడ వచ్చి, "ఏటి బాబూ, సెల్లులు మార్చిన కాడి నుంచి ఇది సగం మాట్లాడతంది, సగం మాట్లాడట్లేదు" అన్నారు. ఇంతకంటే చక్కగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. సగం మాట్లాడటం అనేదే ఇక్కడ అసలు గుర్తు. రిమోట్ మొత్తం చచ్చిపోతే కారణం వేరే ఎక్కడో ఉంటుంది.

నేర్చుకునే రిమోట్ అంటే ఏమిటో కొందరికి తెలియకపోవచ్చు. మామూలు యూనివర్సల్ రిమోట్‌లో వందలాది కంపెనీల కోడ్లు ముందే కంపెనీలోనే రాసి పెట్టేస్తారు, మనం మూడంకెల నంబరో నాలుగంకెల నంబరో కొట్టి మనది ఎంచుకుంటాం. నేర్చుకునే రకం అలా కాదు, రెండో రిమోట్‌ని దీని ముక్కుకి ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే ఆ వెలుగు ఎంతసేపు వెలిగింది, ఎంతసేపు ఆరింది అనేది కొలుచుకుని దాచుకుంటుంది. ఇది కొత్త సంగతేమీ కాదు, యాపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ 1987లోనే ఇలాంటి రిమోట్ ఒకటి తయారుచేసి అమ్మాడు.

మరి దాచుకునేది ఎక్కడ? రెండు రకాలు. కొన్ని చవక రిమోట్లు మామూలు ర్యామ్‌లో దాచుకుంటాయి, సెల్లు తీస్తే కండెన్సర్‌లో ఉన్న చార్జి మీద కొన్ని నిమిషాలు నిలబడి తర్వాత అన్నీ మర్చిపోతాయి. అది రోగం కాదు, దాని పుట్టుకే అంత. అలాంటి రిమోట్ పట్టుకుని చిప్ పోయిందని కస్టమర్‌కి చెప్పకండి. రెండో రకంలో ఈఈప్రామ్ అనే చిప్ ఉంటుంది, ఎనిమిది కాళ్లు, మీద 24సీ02 అనో 24సీ16 అనో 24సీ64 అనో రాసుంటుంది. దీనికి కరెంటు లేకపోయినా గుర్తుంటుంది. ఏ రకమో తెలుసుకోవాలంటే డబ్బా తెరిచి చూడటమే, 24 అంకెతో మొదలయ్యే ఎనిమిది కాళ్ల ఐసీ కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. అసలు చిప్పే లేదు, నల్లటి జిగురు బొట్టు ఒక్కటే ఉంది అంటే మెమొరీ కూడా ఆ బొట్టు కిందే ఉంది, దాన్ని మనం మార్చలేం.

కరెంటు లేకుండా ఎలా గుర్తుంటుంది అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న, కొంచెం నిదానంగా చెప్తాను. మన పల్లెల్లో ధాన్యం గాదె చూశారు కదా, చుట్టూ మట్టి అలికి, లోపల పోసిన గింజ బయటికి రాకుండా కట్టేస్తారు. చిప్‌లో ఒక్కో బిట్‌కీ అలాంటి గాదె ఒకటి ఉంటుంది, దాన్ని ఫ్లోటింగ్ గేట్ అంటారు, చుట్టూ గాజులాంటి పల్చటి పొర. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఈ ఆలోచన చేశారు. చిప్ తనలోనే ఎక్కువ వోల్టేజీ పుట్టించుకుని, ఎలక్ట్రాన్లని ఆ పొర గుండా లోపలికి తోస్తుంది, లేదా బయటికి లాగుతుంది. తోయడం ఆపేశాక అవి అక్కడే ఉండిపోతాయి. లోపల ఎలక్ట్రాన్లు ఉన్నాయా లేవా అనేదే ఒకటి, సున్నా. రాసిన ప్రతిసారీ ఆ పొర కొంచెం కొంచెం దెబ్బతింటుంది, అందుకే కంపెనీలు పది లక్షల సార్లు రాయొచ్చు అని డేటాషీట్‌లో, అంటే చిప్ వివరాల కాగితంలో, ఇస్తాయి.

ఇక్కడ చాలామంది మెకానిక్కులు తప్పు లెక్క వేస్తారు. "చిప్ పాతబడింది, అరిగిపోయింది" అంటారు. ఒకసారి లెక్క వేద్దాం. కొన్ని రిమోట్లు టీవీ నుంచి సెట్‌టాప్ బాక్స్‌కి, మళ్లీ ఫ్యాన్‌కి మారిన ప్రతిసారీ ఆ సంగతి చిప్‌లో రాసుకుంటాయి. రోజుకి యాభై సార్లు మార్చారనుకుందాం, సంవత్సరానికి 18,250. పది లక్షలు అవ్వాలంటే యాభై ఏళ్లు దాటాలి. పైగా దాచుకున్న సంగతి వంద ఏళ్లు ఉంటుందని కూడా డేటాషీట్లలో ఉంటుంది. మరి ఐదారేళ్ల రిమోట్‌లో చిప్ అరిగిపోయిందంటే ఎలా నమ్మాలి? అరగలేదు. రాస్తున్న సమయంలో దాని గొంతు ఎవరో పట్టుకున్నారు. ఎవరా అని వెతకాలి, లేకపోతే మీరు పెట్టే కొత్త చిప్‌కీ రేపు అదే గతి.

సాధారణంగా దొరికే దొంగ వోల్టేజీ. రిమోట్‌లో రెండు సన్న సెల్లులు, కొత్తవైతే మూడు వోల్టుల పైన. బటన్ నొక్కగానే ముందున్న ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ వెలుగుతుంది, అది కంటికి కనపడదు గానీ కరెంటు మాత్రం బాగా తాగుతుంది, వెలిగిన ఆ క్షణంలో వంద మిల్లీఆంపియర్ల పైనే లాగేస్తుంది. సెల్లులు పాతవైతే వాటి లోపలి నిరోధం పెరుగుతుంది. రెండూ కలిపి మూడు ఓములు అనుకోండి, ఎల్‌ఈడీ రెండు వందల మిల్లీఆంపియర్లు లాగితే 0.6 వోల్టు అక్కడే మాయం. అసలే 2.6కి దిగిపోయిన సెల్లులు ఆ క్షణంలో రెండు వోల్టులే ఇస్తాయి. ఈ గుంటని పూడ్చడానికే సెల్లులకి అడ్డంగా ఒక కండెన్సర్ పెడతారు. అది ఎండిపోతే గుంట పూడ్చేవాడు లేడు. ఆ సమయానికి చిప్ రాస్తూ ఉంటే, రాయడానికి ఐదు మిల్లీసెకన్ల దాకా పడుతుంది, రాత మధ్యలో ఆగిపోతుంది. ఒక్క అక్షరంతో పోదు, చిప్ ఒక పేజీగా రాస్తుంది కాబట్టి ఆ పేజీలో ఉన్న పక్కవాటికి కూడా దెబ్బ తగలొచ్చు. సగం నిండిన గాదెలు మిగులుతాయి. అవి ఒకసారి చదివితే ఒకటి అంటాయి, ఇంకోసారి చదివితే సున్నా అంటాయి.

అందుకే కస్టమర్ రిమోట్ తేగానే నేను చిప్ జోలికి వెళ్లను. స్ప్రింగులు చూస్తాను. సెల్లు కారి తెల్లటి పొడి పట్టిందా, ఆ తడి బోర్డు లోపలికి పాకిందా చూస్తాను, మన వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. తర్వాత ఫోన్ ముందు కెమెరా ఎదుట రిమోట్ పెట్టి బటన్ నొక్కుతాను, ఊదారంగు వెలుగు మినుకుమంటే ఎల్‌ఈడీ బతికే ఉంది. ఆ తర్వాత మల్టీమీటర్ కొనలు చిప్ నాలుగో కాలికి, ఎనిమిదో కాలికి పెట్టి బటన్ నొక్కిపట్టుకుంటాను. నాలుగు గ్రౌండు, ఎనిమిది సప్లై. బటన్ నొక్కినప్పుడు అంకె ఎంత పడిపోతుందో చూడండి. మీటర్ నిదానంగా కొలుస్తుంది కాబట్టి అది చూపించే దానికంటే అసలు పడేది ఇంకా లోతుగానే ఉంటుంది. మామ్మగారి రిమోట్‌లో మీటరే 2.9 నుంచి 2.4కి దిగింది, అవి ఆవిడ ఈమధ్యే మార్చిన సెల్లులే. కండెన్సర్ తీసి కొలిస్తే వంద మైక్రోఫారడ్లు ఉండాల్సింది తొమ్మిదే చూపించింది. దొంగ దొరికాడు.

దొంగ దొరికాడు సరే, పోయిన సొత్తు సంగతి?

ఇక్కడ నా చేతుల్లో జరిగిన ఒక నష్టం చెప్పాలి. ఇవాళ నేను ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నది కూడా అందుకే. చాలా ఏళ్ల కిందట గుణుపురం వైపు నుంచి ఒకాయన ఇలాంటి రిమోటే తెచ్చారు. వాళ్ల నాన్నగారికి పక్షవాతం, మంచం మీద నుంచే అన్నీ నడిపేవారు. నేను డబ్బా తెరిచాను, 24సీ16 కనపడింది, సోల్డరింగ్ ఐరన్ పెట్టి పీకేశాను, కొత్తది పెట్టాను. అంతే. చదవలేదు. చదవాలని కూడా తట్టలేదు, చిప్ పోయిందంటే లోపలిదంతా పోయినట్టే అనుకున్నాను. కొత్త చిప్‌తో రిమోట్ లేచింది, కానీ ఖాళీ బుర్రతో. పాత చిప్ కాళ్లు రెండు విరిగిపోయాయి, పీకేటప్పుడు బాగా కాల్చాను. ఆయన ఇంటికి వెళ్లి టీవీ అసలు రిమోట్‌తో మళ్లీ నేర్పించుకున్నారు గానీ, ఫ్యాన్‌దీ ఏసీదీ దొరకలేదు. పైగా నేను పెట్టిన చిప్ ఐదు వోల్టుల రకం, కొత్త సెల్లుల మీద మూడు వారాలు నడిచి ఆగిపోయింది. ఆయన నన్నేం అనలేదు. రిమోట్ బల్ల మీద పెట్టి, "పోనీలే అన్నా" అని వెళ్లిపోయారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పెద్దాయనకి కష్టపడి అలవాటైన బటన్లు అవి. పది ఇరవై రూపాయల చిప్ విషయంలో తొందరపడి నేను పారేసింది ఆ చిప్‌ని కాదు.

కాబట్టి తమ్ముళ్లూ, ముందు చదవండి. చిప్‌లో కొన్ని గాదెలు పాడయినంత మాత్రాన అన్నీ పాడవ్వవు. 24సీ16లో 2048 బైట్లు, అంటే ఎనిమిదేసి బిట్ల గుంపులు, ఉంటాయి, అందులో పదో పన్నెండో పోయినా మిగతావి చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇంకో సంగతి, కస్టమర్ దగ్గర రిమోట్ తీసుకోగానే సెల్లులు తీసేసి, మళ్లీ మళ్లీ వేసి చూడొద్దని చెప్పండి. కొన్ని రిమోట్లు లేచిన ప్రతిసారీ మెమొరీలో ఉన్నవాటి మొత్తం కూడి, ముందు రాసుకున్న మొత్తంతో సరిచూసుకుంటాయి, తేడా వస్తే అంతా తుడిచేసి కొత్తగా మొదలుపెడతాయి. మీరు పరీక్ష చేస్తున్నాం అనుకుంటారు, అది లోపల మిగిలిందంతా తుడుస్తూ ఉంటుంది. మామ్మగారిది ఆ రకం కాదు, అదృష్టం, అందుకే సగమైనా మాట్లాడింది.

చదవడానికి సీహెచ్341ఏ ప్రోగ్రామర్ చాలు, అంటే చిప్‌లో ఉన్నది చదివి, రాసే చిన్న పరికరం, చవకగా దొరుకుతుంది, ల్యాప్‌టాప్‌కి గుచ్చాలి. చిప్ బోర్డు మీద ఉండగానే పట్టుకునే క్లిప్ కూడా వస్తుంది. ఇక్కడ జాగ్రత్త. ఈ ప్రోగ్రామర్ ఐదు వోల్టులు ఇస్తే చిప్ తట్టుకుంటుంది, 24 రకాలు ఐదున్నర వరకు ఓర్చుకుంటాయి, కానీ దాని పక్కన ఉన్న రిమోట్ మెదడు, ఆ మైక్రోకంట్రోలర్, మూడు వోల్టులకి పుట్టింది, అది కాలిపోవచ్చు. కాబట్టి ముందు మీటర్ పెట్టి మీ ప్రోగ్రామర్ ఎంత ఇస్తుందో కొలవండి, 3.3 అయితేనే క్లిప్ పెట్టండి. ఇంకో చిక్కు ఉంది, క్లిప్ ద్వారా కరెంటు వెళ్లగానే మైక్రోకంట్రోలర్ కూడా లేచి అదే తీగల మీద మాట్లాడటం మొదలుపెడుతుంది. అయిదో కాలు డేటా, ఆరో కాలు క్లాక్. ఈ రెండు తీగల పద్ధతిని ఫిలిప్స్ వాళ్లు 1982లో తెచ్చారు, ఐ2సీ అంటారు. ఒకే తీగ మీద ఇద్దరు మాట్లాడితే మీకు చెత్త చదువు వస్తుంది. అలా వస్తే చిప్ తీసి చదవడమే దారి.

తీయడం చూపిస్తాను, బల్ల దగ్గరికి రండి. ఈ బోర్డు చూశారా, లేత గోధుమరంగు, కాగితం పొరలతో చేసిన చవక బోర్డు. వేడి ఎక్కువైతే రాగి ప్యాడు పొరలా ఊడి వచ్చేస్తుంది. ఈ నల్లటి గుండ్రటివి బటన్ల కింద ఉండే కార్బన్ ముద్రలు, వీటిని బ్లేడుతో గీకకండి, ఉప్పు కాగితంతో రుద్దకండి, ఒక్కసారి పోతే మళ్లీ రావు. ఫ్లక్స్, అంటే సోల్డర్ బాగా పారడానికి పూసే జిగురు, ధారాళంగా పెట్టండి. ఒకవైపు నాలుగు కాళ్లకీ కలిపి కొత్త సోల్డర్ పొయ్యండి, అవునవును, కావాలనే నాలుగూ అతుక్కునేలా పొయ్యాలి. రెండో వైపు కూడా అలాగే. లెడ్డు కలిసిన మామూలు సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పాత సోల్డర్‌లో అది కలిసిపోతే తక్కువ వేడికే వదులుతుంది. ఇప్పుడు ఐరన్ ఇటు రెండు సెకన్లు, అటు రెండు సెకన్లు, ఇటు, అటు, మధ్యలో ఎక్కడా ఆగకుండా. పట్టకారుతో పట్టుకోండి, కానీ లాగకండి. లాగాల్సి వస్తోందంటే ఇంకా కరగలేదని అర్థం. అదిగో చూడండి, దానంతట అదే నీటి మీద ఆకులా కదిలింది. అప్పుడు ఎత్తాలి. మన ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చెక్కేవాళ్లని దగ్గర్నుంచి చూసినవాళ్లకి తెలుస్తుంది, కొమ్ము వేడికి మెత్తబడేవరకు వాళ్లు వంచరు. చెయ్యి ఆగడం కూడా పనే.

మామ్మగారి చిప్ని ఇలాగే తీసి ప్రోగ్రామర్‌లో పెట్టి ఏడు సార్లు చదివాను. ఏడు ఫైళ్లు. వాటిని పక్కపక్కన పెట్టి సరిచూస్తే పదకొండు చోట్ల తేడాలు వచ్చాయి, మిగతా రెండు వేల పైచిలుకు బైట్లు ఏడింటిలోనూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ పదకొండింటిలో ఏది ఎక్కువసార్లు వచ్చిందో దాన్ని తీసుకున్నాను. ఏడుసార్లలో ఆరుసార్లు ఒకేలా వస్తే నమ్మొచ్చు. ఒకచోట మాత్రం నాలుగుసార్లు ఒకటి, మూడుసార్లు ఇంకోటి వచ్చింది. దాని దగ్గర ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను.

ఇంక కొత్త చిప్. కొనేటప్పుడు అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. నేను గుణుపురం ఆయనకి చేసిన తప్పు అదే. 24 తర్వాత వచ్చే అక్షరాలు చూడండి. మైక్రోచిప్ కంపెనీవాటిలో 24ఎల్‌సీ అని ఉంటే 2.5 వోల్టుల వరకు పనిచేస్తుంది, 24ఏఏ అని ఉంటే రెండు వోల్టుల కిందికి దిగినా పనిచేస్తుంది. ఎస్‌టీ కంపెనీవాటిలో చివర ఆర్ అని ఉంటే 1.8 వరకు. రిమోట్‌కి తక్కువ వోల్టుల రకమే పెట్టండి, పది రూపాయలు ఎక్కువైనా సరే. ఇంకోటి, 24సీ16 దొరకలేదని 24సీ32 పెడదాం, పెద్దదే కదా అని ఒకరు నన్ను అడిగారు. పనిచెయ్యదు. 16 వరకు చిప్‌కి చిరునామా ఒక బైట్‌లో చెప్తారు, 32 నుంచి పైకి రెండు బైట్లలో చెప్పాలి. మీ రిమోట్ ఒకటే చెప్పి ఊరుకుంటుంది, చిప్ రెండోదాని కోసం చూస్తూ ఉంటుంది. 24సీ08 ఉన్నచోట 24సీ16 మాత్రం పెట్టొచ్చు, వాటి పద్ధతి ఒక్కటే. ఏడో కాలు రాతకి తాళం లాంటిది, అది గ్రౌండుకి తగిలి ఉంటేనే కొత్తవి రాసుకుంటుంది. దాని సోల్డర్ సరిగ్గా పడకపోతే నేర్పినవి నిలవకపోవచ్చు, చిప్ మంచిదే అయినా.

కొత్త చిప్‌లోకి సరిచేసిన ఫైలు రాసి, మళ్లీ చదివి సరిచూసుకుని, బోర్డు మీద పెట్టి, కండెన్సర్ కూడా మార్చి సెల్లులు వేశాను. టీవీ బటన్లన్నీ వచ్చాయి. సెట్‌టాప్ బాక్స్ వచ్చింది. ఫ్యాన్ ఆన్, ఆఫ్, ఒకటి, రెండు వచ్చాయి. మూడో నంబరు స్పీడు రాలేదు.

(వెనక నుంచి ఒక కుర్రాడు: "అన్నా, ఒక్క బటనే కదా, వదిలెయ్యొచ్చు కదా. అసలు కొత్త రిమోట్ రెండు మూడు వందలకి వస్తుంది, ఇంత కష్టం ఎందుకు?")

అడిగావు, మంచిదే. మే నెలలో మన ఊరి ఉక్క నీకు తెలుసు కదా తమ్ముడూ. ఆవిడ రెండో నంబరు మీద ఆ గదిలో పడుకోవాలా? ఇంక కొత్త రిమోట్ సంగతి. కొత్తదాని బటన్లు వేరేచోట ఉంటాయి, వేరే ఆకారంలో ఉంటాయి. నీకూ నాకూ అరగంటలో అలవాటవుతుంది, మనకి కళ్లున్నాయి. ఆవిడ వేళ్లకి ఇది నాలుగేళ్లలో అలవాటైన దారి, తన ఇంట్లో చీకట్లో స్తంభం ఎక్కడుందో తెలిసినట్టు. అదంతా చెరిపి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోమనడం నాకు మనసొప్పలేదు. పైగా కొత్త రిమోట్ కొన్నా దానికి ఫ్యాన్ మాటలు నేర్పేదెవరు? అవి ఈ చిప్‌లోనే ఉన్నాయి.

సరే, మూడో నంబరు. ఒక టీసాప్1738 రిసీవర్, మూడు కాళ్లది, టీవీల ముందు భాగంలో ఉండేదే, దాన్ని ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డుకి కలిపి రిమోట్ ఏం చెప్తోందో చూశాను. ఆ ఫ్యాన్‌ది ఎన్‌ఈసీ పద్ధతి. ఇది మీకు చాలాచోట్ల పనికొస్తుంది కాబట్టి వినండి. ముందు తొమ్మిది మిల్లీసెకన్లు వెలుగుతుంది, నాలుగున్నర మిల్లీసెకన్లు ఆగుతుంది, అది "విను" అని పిలవడం. వెలగడమంటే ఊరికే వెలగదు, సెకనుకి 38 వేల సార్లు ఆరి వెలుగుతూ ఉంటుంది, ట్యూబులైటుకీ ఎండకీ దీనికీ తేడా తెలియడానికి. తర్వాత 32 బిట్లు. ముందు చిరునామా, వెంటనే దాన్నే తిరగేసి, తర్వాత ఆజ్ఞ, వెంటనే దాన్నీ తిరగేసి చెప్తుంది. సున్నా ఉన్నచోట ఒకటి, ఒకటి ఉన్నచోట సున్నా. అంటే ఒకే మాట రెండు రకాలుగా చెప్తోందన్నమాట, రెండూ కలవకపోతే ఫ్యాన్ ఆ మాట పట్టించుకోదు.

స్పీడు మూడుకి రిమోట్ చెప్పింది 45, బీ2. ఇవి పదహారు గుర్తుల లెక్కలో రాసినవి, తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వస్తాయి. 45ని తిరగేస్తే బీఏ రావాలి. ఒక్క బిట్ తేడా. చూశారా, నేను ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టిన చోటే. తప్పు మొదటి మాటలో ఉందో, తిరగేసిన మాటలో ఉందో అప్పటికి తెలియదు, కానీ ఉన్నవి రెండే దారులు. అసలు ఆజ్ఞ 45 అన్నా అవ్వాలి, లేదా బీ2ని తిరగేస్తే వచ్చే 4డీ అన్నా అవ్వాలి. ఆర్డునోకి ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ తగిలించి, రెండింటినీ సరైన జతతో పంపేలా చేసి, మామ్మగారి ఇంటికి పట్టుకెళ్లాను. 4డీ పంపితే ఫ్యాన్ కదల్లేదు. 45, బీఏ పంపాను. రెక్కల చప్పుడు మారింది.

అక్కడే మంచం మీద కూర్చుని, రిమోట్‌ని నేర్చుకునే మోడ్‌లో పెట్టి, ఆర్డునో ఎల్‌ఈడీని దాని ముక్కుకి మూడు అంగుళాల దూరంలో పట్టుకుని మళ్లీ 45 పంపించాను. నూతిలో పడిపోయిన రిమోట్ ఇవ్వాల్సిన పాఠం అది. రిమోట్ రెండుసార్లు మినుకుమంది, నేర్చుకుంది. సెల్లులు తీసి పావుగంట ఆగాం, మామ్మగారు ఈలోగా టీ పెట్టించారు. మళ్లీ సెల్లులు వేసి రిమోట్ ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ బొటనవేలు మొదటి చుక్క దాటి, రెండో చుక్క దాటి, మూడో చుక్క మీద ఆగింది. నొక్కారు. పైకి చూడలేదు. గాలి మొహానికి తగలగానే, "ఆఁ, ఇదే" అన్నారు.

ఆ ఫైలు నా దగ్గర దాచాను. పాత చిప్ కూడా చిన్న కవర్లో వేసి, మీద తేదీ రాసి డ్రాయర్‌లో పెట్టాను. ఆవిడ కొడుక్కి కూడా ఫోన్‌లో ఫైలు పంపించాను, సూరత్‌లో ఉన్నా అది అతని దగ్గర ఉండాలి.

ఇంక మాటలు చాలు. ఐరన్ వేడెక్కింది. బల్ల మీద ఆరు పాత రిమోట్లు ఉన్నాయి, ఆరింటిలోనూ 24 రకం చిప్పులే, నేను ముందే చూసి పెట్టాను. ఇందాక ప్రశ్న అడిగిన తమ్ముడూ, నువ్వే ముందు రా. ఐరన్ కాదు, అది పక్కన పెట్టు. ముందు మీటర్ తీసుకుని ఆ ప్రోగ్రామర్ ఎన్ని వోల్టులు ఇస్తోందో కొలిచి అందరికీ వినపడేలా చెప్పు.